నీళ్ళ కంటే రోడ్డే గండం

తెల్లవారుజాము ఐదున్నర. శాన్ డియేగోలో బావ వాళ్ళింటి ముందు, ట్రెయిలర్ మీద హోబీ 16 తెరచాప పడవ మంచుకు తడిసి నిగనిగలాడుతోంది. రెండు సన్నటి డొల్లలు, వాటిని కలుపుతూ అల్యూమినియం అడ్డకమ్మీలు. పొడవు 16 అడుగుల 7 అంగుళాలు, బరువు 145 కిలోలే.

"కొట్టి చూడరా" అని బావ నా చేతిలో పావు డాలరు నాణెం పెట్టాడు. కుండ కొనేటప్పుడు మోగించి చూసినట్టు ముక్కు దగ్గర్నుంచి కొట్టుకుంటూ వస్తున్నాను. టక్, టక్, టక్... అడుగున ఒకచోట దబ్‌మంది. బొటనవేలితో నొక్కితే లోపలికి పోతోంది.

"అది ట్రెయిలర్ పాత రోలర్ల పుణ్యం."

డొల్ల గోడంటే రెండు ఫైబర్‌గ్లాస్ పొరలు, మధ్యలో నురుగు. రబ్బరు రోలర్ దానికి తగిలేది రెండు వేళ్ళ మేరే. గుంత వచ్చినప్పుడల్లా బరువంతా అక్కడే గుద్దుకుని, పొర నురుగును వదిలేసింది. అదే నీళ్ళలో అయితే సముద్రం పడవను పొడవునా మోస్తుంది.

ఇప్పుడు రోలర్ల చోట డొల్ల వంపుకు సరిపోయే చెక్క ఆసరాలున్నాయి, పైన తివాచీ ముక్కలు. అవి సరిగ్గా అడ్డకమ్మీల కాళ్ళు డొల్లలోకి దిగిన చోట్ల కిందే ఉన్నాయి. పడవకు బలమంతా అక్కడే. తివాచీని అరచేత్తో తడిమాను. ఇసుక గరగరలాడింది. దులపకపోతే దారంతా ఉప్పుకాగితమే.

చుక్కాన్లు ఊడదీసి కారులో పెట్టాం. డొల్లల వెనక బిరడాలు విప్పితే గ్లాసుడు నీళ్ళు కారాయి. పట్టీలు డొల్లల మీదుగా కాకుండా అడ్డకమ్మీల మీదుగా వేశాం. గాలికి రొద చెయ్యకుండా ఒక్కో పట్టీకి ఒక మెలిక. నేను పట్టీ రాట్చెట్‌ను ఇంకో పన్ను బిగించబోతే బావ చెయ్యి పట్టుకున్నాడు. "కదలకపోతే చాల్రా, నలిపెయ్యకు."

ఐ-5 మీద కుడి చివరి వరుసలో ఉత్తరానికి పోతున్నాం. కాలిఫోర్నియాలో ట్రెయిలర్ లాగే బండికి గంటకు 55 మైళ్ళే హద్దు. వంతెన అతుకు దాటినప్పుడల్లా వెనక దడదడ, నా చూపు అద్దంలోకి. పది మైళ్ళకు పక్క రోడ్డులోకి దిగి చూస్తే ముందు పట్టీ అప్పుడే వేలు దూరేంత వదులైంది. మళ్ళీ బిగించాం.

డానా పాయింట్ వచ్చింది. హోబీ ఆల్టర్ 1954లో సర్ఫ్‌బోర్డుల దుకాణం పెట్టిన ఊరు. ఈ పడవను ఆయన ఇసుక మీదికి నేరుగా ఎక్కేలా మలిచాడు. అలలను తట్టుకుంటుంది, రోలర్ పోటును కాదు.

దింపేముందు మళ్ళీ నాణెంతో కొట్టి చూశాను. దబ్‌మన్నది ఆ పాత చోటు ఒక్కటే.

మీ ట్రెయిలర్‌కూ రోలర్లే ఉంటే, ఈసారి బయలుదేరే లోపే మార్చండి. చెక్కా తివాచీ ముక్కా చవక, డొల్ల బాగుచేయించడం చవక కాదు.