మంచి మార్పు వలన ఆగిన యంత్రము

కంప్యూటరులోని ప్రోగ్రాములు డిస్కును గాని, కీబోర్డును గాని నేరుగా తాకజాలవు. ఆ అధికారము ఆపరేటింగ్ సిస్టమునకు కేంద్రభాగమైన కెర్నెలుది. ప్రోగ్రాము తనకు కావలసిన పనిని కెర్నెలుకు విన్నవించుకొను పద్ధతికే సిస్టమ్ కాల్ అని పేరు. కెర్నెలు ఎన్నిమారులు మారినను, పాత ప్రోగ్రాములు యథాప్రకారము నడువవలెను. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నెలునకు ఇది మూలసూత్రము.

ఈ సూత్రమునకు 2019లో ఒక చిత్రమైన పరీక్ష ఎదురైనది. లినక్స్ 5.3 సిద్ధమగుచుండగా, దానిని పరీక్షించుచున్న ఒక ల్యాప్‌టాప్ లాగిన్ తెర రాకముందే నిలిచిపోయినది. ఇట్టి దోషములను వెదకుటకు మార్పుల వరుసను సగము చేయుచు పోవు పద్ధతి కలదు. వరుస నడుమనున్న కెర్నెలును నడిపి చూచి, దోషము కనబడినచో మొదటి సగములోను, లేనిచో రెండవ సగములోను వెదకుదురు. ఈ విధముగా 1,024 మార్పులున్నను 10 పరీక్షలతో కారణము తేలును.

ఇచట కారణముగా తేలిన మార్పులో తప్పేమియు లేదు! ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టములో, డిస్కునుండి చదువు పనులను గుంపుగా చేర్చి వేగము పెంచు మార్పు అది. మరి యంత్రమేల ఆగినది?

2014లో లినక్స్ 3.17తో గెట్‌రాండమ్ అను సిస్టమ్ కాల్ వచ్చినది. రహస్య సంకేతములకు కావలసిన, ఎవరును ముందుగా ఊహింపలేని సంఖ్యలను అది ఇచ్చును. డిస్కు, కీబోర్డు మొదలగునవి కెర్నెలుకు వర్తమానము పంపు క్షణములలోని హెచ్చుతగ్గులే ఆ సంఖ్యలకు ముడిసరకు. యంత్రారంభమున అది చాలినంత చేరువరకు, సంఖ్యలడిగిన ప్రోగ్రామును కాల్ ఆపి యుంచును. చదువు పనులు గుంపులైనందున డిస్కు వర్తమానములు తగ్గినవి, ముడిసరకు చాలలేదు. ప్రోగ్రాము ఆగినది. అది ఆగుటచే డిస్కుకు పని లేక, కొత్త ముడిసరకును పుట్టలేదు.

గెట్‌రాండమ్ తన నియమమును తప్పలేదు. అయినను నిన్నటివరకు నడచిన యంత్రము నేడు నడువలేదు. వాడువానికి అదియే లెక్క. అందుచే 2019 సెప్టెంబరులో, 5.3 విడుదలకు ముందే, టోర్వాల్డ్స్ ఆ మంచి మార్పును ఉపసంహరించెను. నవంబరులో వెలువడిన 5.4లో, ప్రాసెసరు పని చేయు కాలములోని సూక్ష్మభేదములనుండి కెర్నెలే ముడిసరకు కూర్చుకొను ఏర్పాటు జరిగినది. తొలగించిన మార్పు అటుపిమ్మట తన స్థానమునకు తిరిగి వచ్చినది.

వ్రాసియుంచిన నియమమొక్కటే కాక, వాడుకలో జనులు నమ్ముకొనిన నడవడియు ఒడంబడికయే యని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.