ఇరుసు ఎత్తు

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో కర్రచక్రాల బండి పోయి టైరుబండి రావడాన్ని పాతదాని మీద కొత్తదాని గెలుపుగా చెప్పుకుంటాం. కొలతలు చూస్తే సంగతి అంత సూటిగా లేదు. అయిదడుగుల చక్రమున్న బండికి ఇరుసు నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. పశువుల బండ్ల కోసం అమ్మే 7.00-19 టైరు తీసుకోండి: 19 అంగుళాల రిమ్ముకు పైనా కిందా ఏడేసి అంగుళాల టైరు, మొత్తం 33. అంటే ఇరుసు పదహారున్నర అంగుళాలకు దిగిపోయింది. మన బండి ఇరుసు అడుగుకు పైగా దిగితే పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఆ ఎత్తు తెలివితక్కువతనం కాదు, నేల అడిగిన కొలత. ఆదిలాబాద్ నల్లరేగడి వానకు మెత్తబడితే చక్రం దిగుతుంది. బండి వెనక బండి నడిచిన బాటలో రెండు లోతు గాళ్లు, మధ్యలో మిట్ట మిగులుతాయి. ఇరుసు ఆ మిట్టకు తగలకూడదు, వాగు దాటేటప్పుడు సరుకు తడవకూడదు. చక్రం పెద్దదైతే రాయి ఎక్కడమూ తేలిక. పైగా ఎద్దు మెడ ఎత్తు మారదు కదా. కాడి అక్కడే ఉండాలి. అందుకే టైరు వేసినప్పుడు తొట్టిని ఇరుసు మీద దిమ్మెలతోనో ఇనుప స్టాండులతోనో పైకి లేపాల్సి వచ్చింది. మరమ్మతు సంగతి ఇంకొకటి. కుండ, ఆకులు, పూటీలు ఊరి వడ్రంగి చెక్కేవాడు. కమ్మరి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు పోస్తే, అది ముడుచుకుని చక్రాన్ని బిగించేది. తుమ్మముల్లు ఆ పట్టాను ఏమీ చేయలేదు.

రబ్బరు టైరు బరువును వెడల్పుగా పంచుతుంది, మెత్తటి నేలలోనూ ఎడ్లకు లాగుడు తగ్గిస్తుంది అనేవారున్నారు. నిజమే, సన్నటి ఇనుప పట్టా నేలను కోస్తుంది. కానీ అదొక్కటే చాలితే టైరు ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చింది? డన్‌లప్ గాలి టైరు 1888 నాటిది. ఆ కంపెనీ బెంగాల్‌లోని సాహాగంజ్‌లో 1936లోనే ఫ్యాక్టరీ పెట్టింది. అయినా 1970ల చివర పశువుల బండ్లను అధ్యయనం చేసిన ఎన్.ఎస్. రామస్వామి దేశంలో దాదాపు కోటిన్నర బండ్లున్నాయని లెక్కగట్టే నాటికి వాటిలో ఎక్కువ భాగం కర్రచక్రాలవే. పేదరికమే కారణమంటే సగమే ఒప్పుకుంటాను. జిన్నింగు మిల్లుకు పత్తి, మార్కెట్‌కు ధాన్యం గట్టి రోడ్డు మీద పదేపదే లాగే బండికి టైరు ఖర్చు తిరిగొస్తుంది. పొలానికీ కొట్టానికీ మధ్య తిరిగే బండికి రాదు. కాజీపేట–బల్లార్షా రైలుమార్గం 1929లో పూర్తయి పెద్దపల్లి, మంచిర్యాలలను కలిపింది గానీ, స్టేషను దాకా సరుకు చేరాల్సింది బండిబాటల మీదే. తారు ఎంతవరకు పోతే చిన్నచక్రానికి అంతవరకే చెల్లుబాటు. టైరును గెలిపించింది రోడ్డే.

దీనికి గట్టి సాక్ష్యం ట్రాక్టరు. పోచంపాడు దగ్గర 1963లో పునాది పడిన శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ కరీంనగర్ పొలాలకు నీళ్లు తెచ్చి బురదను పెంచింది. ఆ బురదలో దిగే ఇంజనుకు మళ్లీ నిలువెత్తు వెనక చక్రమే కావాల్సి వచ్చింది. వెనక ట్రాలీకి మాత్రం చిన్న టైర్లు, ఎందుకంటే దాని పని రోడ్డు మీద. దమ్ము చేసేటప్పుడు ఆ పెద్ద చక్రానికీ రబ్బరు చాలక ఇనుప కేజ్‌వీళ్లు తగిలిస్తారు. వాటితోనే తారెక్కితే రోడ్డు చీలిపోతుందని ఇప్పుడు అధికారులు జరిమానా వేస్తున్నారు.