బొమ్మలతో భాష నేర్పిన కొమేనియస్

ఈ రోజుల్లో పసిపిల్లలు సెల్‌ఫోనులో కాకి బొమ్మను తాకితే కాకి అరుస్తుంది, దాని పేరు పలుకుతుంది, పక్కనే అక్షరం కనబడుతుంది. ఇదంతా కంప్యూటర్లు వచ్చాక పుట్టిన విద్య అని మనలో చాలామంది అనుకుంటున్నాము. 1658లో జర్మనీలోని న్యూరెంబర్గు నగరంలో అచ్చయిన ఒక పుస్తకంలో ఈ పద్ధతి అప్పటికే ఉంది. దాని పేరు 'ఆర్బిస్ సెన్సువాలియమ్ పిక్టస్'. కంటికీ చెవికీ అందే ప్రపంచాన్ని బొమ్మల్లో చూపడమని దాని భావం. రచయిత యాన్ ఆమోస్ కొమేనియస్.

ఆయన 1592లో నేటి చెక్ దేశంలోని మొరేవియా ప్రాంతంలో జన్మించారు. మహమ్మారిలో భార్యనూ ఇద్దరు బిడ్డలనూ పోగొట్టుకున్నారు. మత కలహాల మూలంగా 1628లో స్వదేశం విడిచి పోలెండు చేరుకున్నారు. మళ్ళీ సొంత ఊరిలో స్థిరపడే యోగం ఆయనకు లేకపోయింది.

ఆ కాలంలో ఐరోపా బడుల్లో చదువంటే లాటిను. మన పెద్దలు శబ్దమంజరి, అమరం వల్లె వేసినట్టే అక్కడి పిల్లలూ వ్యాకరణ సూత్రాలు వల్లె వేసేవారు; తప్పితే బెత్తం. వల్లె వేయడాన్ని నేను తీసిపారేయను, దాని ప్రయోజనం దానికుంది. అయితే వస్తువు తెలియకుండా మాట మాత్రం నేర్పడం దండగ అని కొమేనియస్ వాదించారు. 1650 నుండి 1654 వరకు హంగేరీలో బడి నడుపుతూ ఈ పుస్తకం సిద్ధం చేశారు. అక్కడ చెక్కమీద బొమ్మలు చెక్కే పనివారు దొరకక అచ్చు ఆలస్యమైంది. ఆనాటికి చెక్క అచ్చే గొప్ప యంత్ర సాధనం మరి!

పుస్తకం తెరవగానే అక్షరమాల. కాకి ఆ ఆ అంటుంది, గొర్రెపిల్ల బే బే అంటుంది, బాతు ఖా ఖా అంటుంది, ఎలుగుబంటి మమ్ మమ్ అని గొణుగుతుంది. ఆ కూతలోనే పిల్లవాడికి అక్షరం పట్టుబడుతుంది. తరువాత 150 పాఠాలు. కమ్మరి కొట్టం బొమ్మలో కమ్మరికీ, తిత్తికీ, దాగలికీ, సుత్తికీ అంకెలు వేసి ఉంటాయి. కింద ఒక వరుసలో లాటిను, పక్క వరుసలో జర్మను. ప్రతి మాట పక్కనా బొమ్మలోని అంకే ఉంటుంది. అంకె వెంట వెళితే మాట అర్థమైపోతుంది, నిఘంటువుతో పని లేదు. విచిత్రమేమిటంటే బడి బొమ్మలో అల్లరి పిల్లలకు బెత్తం దెబ్బలు తగలడం కూడా చూపారు. ఉన్నది ఉన్నట్టు చూపాలనుకున్నారేమో!

పిల్లలు ఆ బొమ్మలు చూసి స్వయంగా గీయాలనీ, రంగులూ రుచులూ వంటి బొమ్మకు అందనివాటిని ఎదురుగా పెట్టి చూపాలనీ పీఠికలో రాశారు. అరుదైన వస్తువులు పెద్ద బడుల్లో సిద్ధంగా ఉంచాలన్నారు. నాకు నచ్చినది ఈ మాటే. అమెరికాలో పెరుగుతున్న మా మనుమరాలు ఫోనులో కాకరకాయ బొమ్మ చూసింది, పేరు పలికింది, వారం తిరిగేసరికి మరిచిపోయింది. సెలవులకు వచ్చినప్పుడు వాళ్ళ నాయనమ్మ పులుసు పెట్టి వడ్డించింది. ఆ తరువాత ఆ మాట మరవలేదు, 'చేదు' అనే మాటా వచ్చేసింది!

1656లో పోలెండులోని ఆయన ఇల్లు యుద్ధంలో తగలబడి, నలభై ఏళ్ళకు పైగా కూర్చిన చెక్ నిఘంటువు బూడిదైంది. అప్పటికి ఆయనకు 64 ఏళ్ళు, మన ఈడుకు దగ్గరే. రెండేళ్ళకు బొమ్మల పుస్తకం వెలువడింది, మరుసటి ఏడే లండనులో ఇంగ్లీషులో వచ్చింది. తరువాతి శతాబ్దంలో మహాకవి గోథే బాల్యంలో చదివిన పుస్తకాల్లో ఇదొకటి. కొమేనియస్ 1670లో ఆమ్‌స్టర్‌డాములో పరదేశిగానే కన్నుమూశారు.