మిల్లు నేలల చరిత్ర

గురుగ్రామ్‌లో వస్త్రపరిశ్రమ యనగా నేటివారికి ఉద్యోగ్ విహార్‌లోని దుస్తుల ఎగుమతి కార్ఖానాలే స్ఫురించును. నూలు వడికి, బట్ట నేసి, చలువ చేసి, రంగు లద్దిన మహాయంత్రశాలలు మాత్రము ఈ ప్రాంతమున ప్రధానముగా ఢిల్లీ నగరమునందు వెలసినవి. అయినను ఆ మిల్లుల నేలకును గురుగ్రామమునకును జలసంబంధ మొకటి కలదు. పూర్వము సాహిబీ నది ప్రవహించిన మార్గమే నేడు నజఫ్‌గఢ్ నాలాగా మారి, గురుగ్రామ్ నుండి బాద్‌షాపూర్ కాలువ మొదలగు వానిచే వచ్చు మురుగును వాననీటిని గైకొని, ధాన్సా మొదలు వజీరాబాద్ వరకు సుమారు 57 కిలోమీటర్లు సాగి, పశ్చిమ ఢిల్లీలోని పారిశ్రామిక వాడల వ్యర్థములను గూడ కలుపుకొని యమునలో పడుచున్నది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో ఆనంద్ పర్బత్, నారాయణా, ఓఖ్లా, వజీర్‌పూర్‌లతో కూడిన ఈ నాలా పరీవాహమును నూటికి 79.54 అంకములతో తీవ్రకలుషిత ప్రాంతములలో చేర్చినది. ఇట్టి ప్రాంతమున మూతబడిన మిల్లు స్థలము క్రింద నేమున్నదని విచారింపబూనిన వారికి ముందుగా కావలసినది ఆ మిల్లు చరిత్ర.

ఢిల్లీ క్లాత్ అండ్ జనరల్ మిల్స్ కంపెనీ 1889లో స్థాపితమైనది. బాడా హిందూరావు ప్రాంతమున ఆరంభమైన ఆ సంస్థలో 1909లో చేరిన లాలా శ్రీరామ్ దానిని నూలు బట్టల వ్యాపారముతో తృప్తి పడనీయక, చక్కెర, రసాయనములు, ఎరువుల వైపు విస్తరింపజేసెను. ఈ విస్తరణము యాదృచ్ఛికము కాదు. బట్టల మిల్లు తానే రసాయనములకు పెద్ద గిరాకీదారు. నేతకు ముందు పడుగునకు గంజి పెట్టవలెను. ఆ గంజికి బూజు పట్టకుండుటకు జింకు క్లోరైడు వంటి లవణములు కలుపుట పూర్వపు మిల్లులలో వాడుక. నేసిన బట్టను కాస్టిక్ సోడాలో ఉడికించి జిడ్డు తీయవలెను. బ్లీచింగ్ పౌడరుతో చలువ చేయవలెను. ఆమ్లముతో క్షారమును విరువవలెను. అద్దకపు శాలలో గంధకపు రంగులకు సోడియం సల్ఫైడు, నల్లరంగునకు అనిలీను, రంగు నిలుచుటకును పక్వమగుటకును పొటాషియం డైక్రోమేటు వాడబడెడివి. బాయిలర్ల వద్ద బొగ్గుబూడిద, విద్యుత్పరివర్తకములలో నూనె, మరమ్మతు శాలలలో గ్రీజు తీయు ద్రావకములు ఉండెడివి. ఒక్కొక్క పనికి మిల్లు ఆవరణలో ఒక్కొక్క చోటు; ప్రతి చోటును నేలపై తన ముద్రను వేరుగా వేయును.

కాస్టిక్ సోడాయు క్లోరినుయు ఒకే ఉప్పునీటి నుండి విద్యుత్తుచే పుట్టు జంట వస్తువులు. ఢిల్లీ క్లాత్ మిల్స్‌కు చెందిన శ్రీరామ్ ఫుడ్స్ అండ్ ఫెర్టిలైజర్ ఇండస్ట్రీస్ ఆవరణలో కాస్టిక్ క్లోరిన్ కర్మాగారము 1949లో పని ప్రారంభించెను. 76 ఎకరముల ఆ ఆవరణలో గంధకామ్లము, బ్లీచింగ్ పౌడరు, సూపర్ ఫాస్ఫేటు, పటిక, వనస్పతి, సబ్బు మొదలైనవి తయారగుచుండ, చుట్టును మూడు కిలోమీటర్ల వ్యాసార్ధమున సుమారు 2,00,000 మంది నివసించుచుండిరి. భోపాల్ దుర్ఘటన జరిగిన సంవత్సరమునకు, 1985 డిసెంబరు 4వ తేదీన, అచ్చటి నుండి గంధకామ్ల సంబంధమగు ఓలియం వాయువు వెలువడినది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యములో 1986 డిసెంబరు 20న భగవతి ప్రధాన న్యాయమూర్తిగా గల సుప్రీంకోర్టు ధర్మాసనము, ప్రమాదకర పరిశ్రమ వలన హాని కలిగినచో యజమాని జాగ్రత్త వహించితి నని చెప్పి తప్పించుకొన వీలులేదని, ఏ మినహాయింపులును లేని సంపూర్ణ బాధ్యతను నిర్దేశించెను.

ఈ తీర్పు దాటివచ్చిన పాత సూత్రము ఒక నూలు మిల్లు యజమాని కథనుండి పుట్టినదే. ఇంగ్లండు లాంకషైర్‌లో జాన్ రైలాండ్స్ తన మిల్లునకు నీటికై జలాశయము కట్టించగా, దాని అడుగున మూసివేయబడిన పాత గనిగుంటల ద్వారా నీరు 1860 డిసెంబరులో పొరుగున నున్న ఫ్లెచర్ బొగ్గుగనిలోనికి పారెను. యజమాని స్వయముగా ఏమరుపాటు చేయకున్నను బాధ్యుడే యని 1868లో ప్రభువుల సభ తేల్చినది. దైవిక విపత్తు వంటి మినహాయింపు లుండుటచే ఆ బాధ్యత కఠినమే గాని సంపూర్ణము కాదు. భూగర్భమున కంటికి కనబడని మార్గముల వెంట హాని పొరుగువానికి చేరుననెడి విషయము ఆ వ్యాజ్యమునకు మూలమై యుండెను. ఢిల్లీలో మాత్రము హాని మొదట గాలిలో కనబడుటచే న్యాయస్థానముల దృష్టి చాలకాలము గాలి మీదనే నిలిచినది. పిమ్మట అది భూమి మీదికి మరలినను, నేలపొరల దాక దిగలేదు.

బాడా హిందూరావులోని మిల్లు 1989లోనే మూతబడినది. 1996 జూలై 8న సుప్రీంకోర్టు 168 ప్రమాదకర పరిశ్రమలను ఆ యేడు నవంబరు 30 నాటికి ఢిల్లీలో ఆపివేయవలసినదిగా ఆజ్ఞాపించెను. బిర్లా టెక్స్‌టైల్ మిల్లు, స్వతంత్ర భారత మిల్లు ఆ జాబితాలోనివే. అంతకు ముందు మే 10వ తేదీనే, విడిచిపెట్టిన భూమిని ఎట్లు పంచుకొనవలెనో నిర్ణయించి, పది హెక్టారులకు మించిన స్థలమున నూటికి 68 పాళ్లు హరితస్థలములకై ఢిల్లీ అభివృద్ధి సంస్థకు అప్పగించి, 32 పాళ్లు యజమాని నిర్మాణములకై ఉంచుకొనవచ్చునని ఆ న్యాయస్థానమే చెప్పెను. తోటలు కావలెనన్న సంకల్పము గొప్పదే. కాని పంపకపు లెక్క చదరపు మీటర్లలోనే సాగినది. లోతు లెక్కకు రాలేదు. మోతీనగర్ చెంత స్వతంత్ర భారత మిల్లు స్థలమున డీ.ఎల్.ఎఫ్. వారి ఎత్తైన గృహసముదాయము నిర్మితమైనది. అట్టి స్థలము దూషితమని ముందే భావించుట ఎంత తప్పో, పరీక్షింపకయే శుద్ధమని తలచుటయు అంతే తప్పు.

పరీక్షావిధానము నిదానమైనది. మొదట పాత పటములు, స్టోర్సు పుస్తకములు, కొనుగోలు పద్దులు వెదకి, అద్దకపు తొట్టె లెక్కడ నుండెనో, ఆమ్లపు పీపా లెక్కడ దించిరో, మురుగు ఏ దిక్కుగా పారెనో, పల్లములను బూడిదతో పూడ్చిరా యని తెలిసికొందురు. వృద్ధ కార్మికుల నడుగుదురు. అటుపిమ్మట ఆ గురుతుల వద్ద బోరులు వేసి, లోతు లోతునకు మట్టి నమూనాలు తీసి, క్రోమియం, సీసము, రాగి, జింకు, పాదరసము, అనిలీను, క్లోరినుతో కూడిన ద్రావకములు, పరివర్తకపు నూనెలు ఉన్నవేమో పరీక్షింతురు. భూగర్భజలము పోవు దిక్కు నెరుగుటకై ఎగువను దిగువను పరిశీలన బావులు త్రవ్వి, వానలకు ముందును వెనుకను నీటిని తీయుదురు. క్రోమియం మొత్తమును కొలిచినంత మాత్రమున పని తీరదు: త్రిసంయోజక రూపము మట్టికి అంటి నిలుచును, షట్‌సంయోజక రూపము నీటిలో కరగి దూరము పోవును, విషమధికము. ట్రైక్లోరో ఇథిలీన్ నీటికన్న బరువగుటచే పైపొరలలో జాడ లేకున్నను క్రిందికి దిగి కూడియుండవచ్చును.

నేల మారినచో పద్ధతియు మారవలెను. ఢిల్లీ పరిసరములది లోతైన ఒండ్రు. ఇసుకపొరల వెంట మాలిన్యము విస్తరించును, బంకమట్టి పొర అడ్డము వచ్చినచో ఆగును. తెలుగునాట వరంగల్లులో 1934లో నెలకొని 2002లో మూతబడి, పిమ్మట ఇండ్ల స్థలములుగా మారిన ఆజంజాహి మిల్లు వంటి చోట క్రింద నుండునది గ్రానైటు శిల. మొరము దాటిన తరువాత నీరు బీటల వెంటనే నడచును, కావున ఒక బావి శుద్ధమై యుండగా ప్రక్క బావి చెడి యుండుట సంభవము. ఇరు చోట్లను ప్రశ్న యొకటే, సమాధానము వెదకు దారులు వేరు.

2025 జూలైలో కేంద్రప్రభుత్వము కలుషిత స్థలముల నిర్వహణకు ప్రత్యేక నియమములను ప్రకటించెను. అనుమానాస్పద స్థలములను స్థానిక యంత్రాంగము గుర్తింపవలెను, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి విచారింపవలెను, బాధ్యుడైన వాడు శుద్ధివ్యయము భరింపవలెను అనుట దాని సారాంశము. మిల్లు మూతబడి మూడు దశాబ్దములు గడచిన పిమ్మట బాధ్యుని వెదకుట కష్టసాధ్యము. యాజమాన్యము చేతులు మారును, కాగితములు పాత సామానుతో కూడ వేలమున పోవును, తొట్టెల స్థానములు తెలిసిన కార్మికులు గతింతురు. ఇకముందు మూతబడు ప్రతి మిల్లుకును, యంత్రములు విప్పుటకు ముందే ఏ చోట ఏ పదార్థము ఎన్నేండ్లు వాడిరో తెలుపు వివరణపత్రమును సిద్ధపరచి, నేల పరీక్షఫలితములతో సహా భూమి విక్రయ దస్తావేజునకు జతచేయుట చట్టముచే నిర్బంధము చేయదగినది. ఆ పత్రమున్నచో కొనువాడు తెలిసి కొనును, అమ్మువాడు తన బాధ్యతను ఒప్పుకొని అమ్మును. అది లేనిచో 1986 నాటి సంపూర్ణ బాధ్యతా సూత్రము, భూగర్భమునకు సంబంధించినంత వరకు, ఎవరికిని వర్తింపని ఉత్తమవాక్యముగా మిగిలిపోవును.