గాలిలో పుట్టే టెరాహెర్ట్జ్ కిరణాలు: దిశ నియంత్రణ

మైక్రోవేవ్‌లకూ పరారుణ కాంతికీ నడుమ, సుమారు 0.1 నుంచి 10 టెరాహెర్ట్జ్ వరకు ఉన్న తరంగాలు బట్టనూ ప్లాస్టిక్‌నూ అట్టపెట్టెనూ దాటిపోగలవు. పేలుడు పదార్థం ఆర్‌డీఎక్స్ 0.8 టెరాహెర్ట్జ్ దగ్గర వీటిని ప్రత్యేకంగా పీల్చుకుంటుంది, అలా దొరికిపోతుంది. డీఆర్‌డీవో తోడ్పాటుతో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఏర్పడ్డ ‘అక్రెం’ కేంద్రం పేలుడు పదార్థాలను టెరాహెర్ట్జ్‌తో పరీక్షించే పనికి పూనుకున్నది అందుకే.

వీటికి పెద్ద శత్రువు నీటి ఆవిరి. రంగూన్ రేవుల పక్కన, నది ఒడ్డునే ఉన్న బోటాటౌంగ్‌లో జూలై వానల వేళ ఈ తరంగాలను దూరం పంపాలని చూస్తే దారిలోనే ఆవిరి మింగేస్తుంది. లేజర్ కాంతికి ఆ బెడద చాలా తక్కువ. కాబట్టి లేజర్‌నే దూరం పంపి, లక్ష్యం పక్కనున్న గాలిలో టెరాహెర్ట్జ్‌ను పుట్టించడం మేలు.

పుట్టించే కిటుకును 2000లో కుక్, హాక్‌స్ట్రాసర్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. 800 నానోమీటర్ల ఫెమ్టోసెకను లేజర్ స్పందం పలుచని బీబీఓ స్ఫటికం గుండా వెళ్తే అందులో కొంత 400 నానోమీటర్ల నీలి కాంతిగా మారుతుంది. రెండు రంగులూ ఒకేచోట కేంద్రీకృతమయ్యేసరికి గాలి అయనీకరణ చెంది సన్నని ప్లాస్మా తీగ వెలుగుతుంది. రెండు రంగుల కలయిక వల్ల విద్యుత్ క్షేత్రం అటూ ఇటూ సమానంగా ఉండదు. విడివడ్డ ఎలక్ట్రాన్లు ఒకవైపే కొట్టుకుపోతాయి, ఆ క్షణిక ప్రవాహమే టెరాహెర్ట్జ్‌ను వెదజల్లుతుంది.

చిక్కంతా దిశ దగ్గరే. గాలిలోనూ ప్లాస్మాలోనూ ఆ రెండు రంగుల వేగాలు కాస్త వేరు. తీగ పొడవునా వాటి దశాభేదం మారుతూ పోతుంది. దాంతో కొన్ని సెంటీమీటర్ల తీగ నుంచి వచ్చే తరంగాలు నేరుగా ముందుకు కాక, అక్షం నుంచి కొన్ని డిగ్రీలు పక్కకు జరిగి, బోలు శంకువుగా విచ్చుకుంటాయి. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఆ కోణం తగ్గుతుంది.

తీగ పొడవు మార్చి శంకువును సరిచేయవచ్చు. ఒకే రంగు లేజర్ వాడితే, తీగకు అడ్డంగా స్థిర విద్యుత్ క్షేత్రం పెట్టి తరంగాన్ని బలపరచి ముందుకు తిప్పవచ్చు. అన్నిటికన్నా ఆశ పుట్టించే దారి తీగల వరుస. పక్కపక్కన అనేక తీగలు వెలిగించి, వాటి మధ్య కాలవ్యత్యాసాన్ని సర్దితే, దశ శ్రేణి రాడార్‌లో లాగే ఏ భాగమూ కదలకుండా కిరణం పక్కకు తిరుగుతుంది. ఫెమ్టోసెకన్ల కచ్చితత్వం కావాలి కనుక ఈ పని నేర్పుకే పరీక్ష.

లక్ష్యం నుంచి తిరిగి వచ్చే సమాచారాన్ని కూడా ఆవిరి మింగకూడదు కదా. 2010లో అమెరికాలోని రెన్సెలార్ సంస్థలో షీ చెంగ్ జాంగ్ బృందం దీనికి మార్గం చూపింది. టెరాహెర్ట్జ్ తాకిడికి ప్లాస్మాలోని నైట్రోజన్ వెలువరించే అతినీలలోహిత కాంతి మారుతుంది. ఆ కాంతిని 10 మీటర్ల దూరం నుంచే చదివి వారు టెరాహెర్ట్జ్ సమాచారాన్ని రాబట్టారు.