వియన్నా లగ్జరీ ట్రిప్: మూడో రోజు ఎక్కడికి?

ఈ ఎపిసోడ్ వియన్నా గురించి. డబ్బులు బాగా దాచుకుని, జీవితంలో ఒక్కసారైనా యూరప్‌లో మూడు రోజులు రాజాలా గడపాలి అనుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వాళ్ల ప్లాన్ కూడా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. రింగ్‌స్ట్రాసే మీద ప్యాలెస్ లాంటి హోటల్, సాయంత్రం ఒపేరా, తర్వాత జాహర్ చాక్లెట్ కేక్. మంచి ప్లానే, నేనేం కాదనను. కానీ ఆ రోడ్డు కథ వినండి. మూడో రోజు ఎక్కడికి వెళ్లాలో అప్పుడు ఆలోచిద్దాం.

ఇప్పుడు రింగ్‌స్ట్రాసే ఉన్నచోట ఒకప్పుడు కోట గోడలు, వాటి ముందు ఖాళీ మైదానం ఉండేవి. 1683లో ఒట్టోమన్ సైన్యం ముట్టడించినప్పుడు ఊరిని కాపాడింది ఆ గోడలే. 1857 డిసెంబర్‌లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ వాటిని కూల్చేయమన్నాడు. మరి అన్ని పెద్ద భవనాలకు డబ్బెక్కడిది? ఖాళీ అయిన స్థలాన్ని ప్లాట్లు వేసి ధనవంతులకు అమ్మారు. ఆ డబ్బుతో ఒపేరా, మ్యూజియంల లాంటి ప్రభుత్వ భవనాలు కట్టారు. మనకు బాగా తెలిసిన రియల్ ఎస్టేట్ లెక్కే కదా!

1865 మే 1న రోడ్డు ప్రారంభమైంది. 1869లో మోజార్ట్ 'డాన్ జొవాన్నీ'తో ఒపేరా హౌస్ తెరుచుకుంది. ఒక డ్యూక్ కట్టించుకున్న ప్యాలెస్ 1873లో హోటల్ ఇంపీరియల్ అయింది. ఆ ఏడాది మే 1న వియన్నాలో ప్రపంచ ప్రదర్శన మొదలైతే, మే 9న స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. ఎనిమిది రోజులే తేడా!

సరే, ఇన్ని భవనాలకు ఇటుకలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఊరికి దక్షిణాన వీనర్‌బర్గ్ అని ఒక గుట్ట ఉంది. అక్కడి మట్టితోనే కోట్లకొద్దీ ఇటుకలు చేశారు. చేసింది ఎక్కువగా బొహీమియా, మొరావియా ప్రాంతాల నుంచి కుటుంబాలతో వలస వచ్చిన పేదవాళ్లు.

1888లో విక్టర్ ఆడ్లర్ అనే డాక్టర్ ఆ బట్టీల్లోకి రహస్యంగా వెళ్లాడు. చూసిందంతా తన పత్రికలో రాశాడు. కూలీ డబ్బులకు బదులు రేకు బిళ్లలు ఇస్తున్నారు. ఆ బిళ్లలు బట్టీ క్యాంటీన్లలో తప్ప బయట చెల్లవు. అక్కడేమో ధరలు ఎక్కువ. నిద్రపోవడానికి కిక్కిరిసిన గదులు, అవీ దొరక్కపోతే ఇటుక బట్టీలే. అంటే రింగ్‌స్ట్రాసేకి ఇటుకలు చేసినవాళ్లకే సరైన ఇల్లు లేదు.

ఆ ఏడాది చివర్లోనే ఆడ్లర్ విడివిడిగా ఉన్న కార్మిక వర్గాలను కలిపి ఒక పార్టీగా నిలబెట్టాడు. ఆయన 1918లో చనిపోయాడు. మరుసటి ఏడాదే ఆ పార్టీ వియన్నా నగరపాలనలోకి వచ్చింది. అసలు ట్విస్ట్ ఇక్కడుంది. వాళ్లు లగ్జరీ మీదే పన్ను వేశారు! షాంపేన్, కార్లు, గుర్రపు పందేలు, ఇంట్లో పనివాళ్లను పెట్టుకోవడం, అన్నిటికీ పన్ను. పెద్ద ఇళ్లవాళ్లకు ఎక్కువ పడేలా ఇంకో ఇంటి పన్ను. ఆ డబ్బుతో 1934 లోపు 60,000కు పైగా ఇళ్లు కట్టి, కార్మికులకు తక్కువ అద్దెకు ఇచ్చారు.

వాటిలో బాగా పేరున్నది 1930లో ప్రారంభమైన కార్ల్ మార్క్స్ హోఫ్. పొడవు కిలోమీటరుకు పైనే. 1,382 ఫ్లాట్లు, లోపల పిల్లల బడులు, లాండ్రీలు, లైబ్రరీ. 1934 ఫిబ్రవరిలో ప్రభుత్వ సైన్యం ఈ ఇళ్ల మీదే ఫిరంగులు పేల్చింది. అయినా భవనం నిలిచింది. ఇప్పటికీ జనం అందులో కాపురాలు ఉంటున్నారు.

కాబట్టి నా ప్లాన్ ఇది. మొదటి రోజు రింగ్‌స్ట్రాసే మీద నడవండి. రెండో రోజు ఒపేరా చూడండి. బడ్జెట్ తక్కువైతే నిలబడి చూసే టికెట్లు చాలా చవకగా దొరుకుతాయి. మూడో రోజు ఒపేరా పక్కనున్న కార్ల్స్‌ప్లాట్జ్‌లో యూ4 మెట్రో ఎక్కి, చివరి స్టేషన్ హైలిగెన్‌స్టాట్‌లో దిగండి. బయటికి రాగానే ఎదురుగా కార్ల్ మార్క్స్ హోఫే. అది మ్యూజియం కాదు, జనం ఉంటున్న ఇళ్లు. కిటికీల్లోకి ఫోన్ పెట్టి ఫొటోలు తీయకండి.

మీరైతే మూడో రోజు ఎటు వెళ్తారో కామెంట్లో చెప్పండి. ఉంటాను మరి.