దివిసీమ ఉప్పుగాలి, పికప్ బండి సైలెన్సర్: తక్కువ ఖర్చులో ఏది వేయించాలి?

మోపిదేవి నుంచి ఒక పికప్ ఓనరు అడిగిన ప్రశ్న మీద ఈ ఎపిసోడ్. నాగాయలంక, కోడూరు వైపు చెరువుల నుంచి రొయ్యలు, చేపలు తోలే బండి. సైలెన్సర్ తుప్పు పట్టి ఊడిపోయింది. కంపెనీది కొనాలంటే భారం. లోకల్‌ది వేయించాలా, లేక డబ్బా తీసేసి ఉత్త పైపు పెట్టించాలా అన్నది ఆయన సందేహం. బండి ఆగితే ఆ రోజు కిరాయి పోయినట్టే కాబట్టి చిన్న విషయం కాదు. దీనికి జవాబు సైలెన్సర్ చరిత్రలోనే ఉంది, చూద్దాం రండి.

మొదట్లో దాని పని ఒక్కటే, చప్పుడు తగ్గించడం. అమెరికాలో ఇండియానా రాష్ట్రం, కొలంబస్ ఊళ్లో మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అని అన్నదమ్ములు. 1897లో ఇంజన్ మఫ్లర్‌కి పేటెంట్ తీసుకున్నారు. మఫ్లర్ అమెరికా మాట. మనకి ఇంగ్లీషువాళ్ల మాట వచ్చింది, సైలెన్సర్ అని. సూత్రం తేలికే. ఇంజన్ నుంచి దూసుకొచ్చే పొగ ఒక వెడల్పాటి గదిలోకి వెళ్లి విస్తరిస్తుంది, దాని ఊపు తగ్గుతుంది, చప్పుడు అణుగుతుంది. మన 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ రూలు ఈ పరికరం ప్రతి బండికీ ఉండాలంటుంది.

రెండో పని, పొగని మనిషికి దూరంగా పంపడం. అవే నిబంధనల్లో 112వ రూలు ఉంది. మోటార్ సైకిళ్లు, మూడు చక్రాల బండ్లు తప్ప మిగతా వాటిలో పొగ కిందకీ ఎడమ వైపుకీ పోకూడదు, వెనక్కి గానీ కుడి వైపుకి గానీ పోవాలి. ఎడమ వైపే కదండీ మనుషులు నడిచేది, బస్సు కోసం నిలబడేది! అందుకే వెల్డింగ్ షాపులో గొట్టం చివర ఎటు తిప్పుతున్నాడో దగ్గరుండి చూసుకోండి. జాయింట్లలో లీకు ఉంటే ఇంకా ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, క్యాబిన్‌లోకి వస్తే తెలియనే తెలియదు. పాత ప్యాకింగ్ మళ్లీ వాడనివ్వకండి, కొత్తది వేయించండి.

మూడో పని ఆలస్యంగా వచ్చింది, పొగని శుభ్రం చేయడం. ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ హౌడ్రీ 1950ల్లో కార్ల కోసం క్యాటలిటిక్ కన్వర్టర్ మీద పనిచేశాడు. అయితే అప్పటి పెట్రోలులో ఉండే సీసం దాన్ని పాడుచేసేది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల కొత్త పెట్రోలు కార్లతో ఇది తప్పనిసరి అయింది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6. బీఎస్6 డీజిల్ పికప్‌లలో కన్వర్టర్‌తో పాటు మసిని పట్టే ఫిల్టరూ, సెన్సర్లూ ఉంటాయి.

అంటే మీ బండి ఏ కాలానిదో, మీ ఎంపిక దాన్నిబట్టే. కన్వర్టర్ లేని పాత బండి అయితే, కంపెనీ కొలతతో చేసిన లోకల్ సైలెన్సర్ సరిపోతుంది. కన్వర్టర్ ఉంటే దాని వెనకున్న డబ్బా, గొట్టం మాత్రమే మార్పించండి. కన్వర్టర్ జోలికి పోవద్దు. అందులో ప్లాటినం లాంటి ఖరీదైన లోహాలుంటాయి. వాటి కోసమే ఢిల్లీ, గుజరాత్‌లలో మారుతి ఈకో వ్యాన్ల సైలెన్సర్లు దొంగతనానికి గురయ్యాయి. ఎప్పుడైనా మార్చాల్సి వస్తే పాతది షాపులో వదిలేయకండి. బీఎస్6లో ఫిల్టర్ పీకేస్తే వార్నింగ్ లైటు వెలుగుతుంది, ఇంజన్ శక్తి కూడా పడిపోవచ్చు. ఉత్త పైపు పెట్టి పట్టుబడితే 190(2) సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా, జైలు శిక్ష కూడా పడొచ్చు. అంత డబ్బుతో మంచి సైలెన్సరే వేయించుకోవచ్చు కదా!

ఇక రేకు సంగతి. దివిసీమలో సైలెన్సర్‌కి రెండు వైపుల నుంచీ శత్రువులే. బయట సముద్రపు గాలి, ట్రేల నుంచి కారే ఉప్పునీళ్లు. లోపల ఇంకోటి: లీటరు డీజిల్ మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. మోపిదేవి నుంచి అవనిగడ్డకి వెళ్లొచ్చే చిన్న ట్రిప్పుల్లో డబ్బా పూర్తిగా వేడెక్కదు, ఆ నీరు లోపలే నిలిచిపోతుంది. డబ్బా అడుగున చిన్న కన్నం ఉంటే అది నీరు పోవడానికే, వెల్డింగ్ పెట్టి మూయించకండి.

1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుప్పు పట్టని ఉక్కు తయారుచేశాడు. ఇవాళ సైలెన్సర్లలో 409, 304 అని రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. 409లో క్రోమియం సుమారు 11 శాతం, 304లో 18 శాతం, పైగా 8 శాతం నికెల్. అయస్కాంతం అంటుకుంటే స్టెయిన్‌లెస్ కాదని చాలామంది అనుకుంటారు. 409కి అంటుకుంటుందండి, అది స్టెయిన్‌లెస్సే. మామూలు ఇనుప రేకు అయితే గేజి అడగండి. నంబరు తగ్గేకొద్దీ రేకు మందం. 18 కంటే 16 గేజి గట్టిది.

చవక అంటే బిల్లు మీద అంకె కాదు. ధరని అది నిలిచే నెలలతో భాగించి చూడండి. ఏడాదికోసారి మార్చే మామూలు రేకు కంటే, కాస్త ఎక్కువైనా నాలుగేళ్లు నిలిచేదే చవక. విజయవాడ ఆటోనగర్ వెళ్లినా, మచిలీపట్నంలో చేయించినా అడగాల్సినవి నాలుగే: ఏ రేకు, ఎంత గేజి, గొట్టం కొలత కంపెనీదేనా, ఎన్నాళ్లు గ్యారంటీ. బిల్లు మీద రాయించుకోండి. లోడు దించిన రోజున బండి అడుగున మంచినీళ్లు కొట్టండి, దానికైతే ఖర్చేమీ లేదు.